రవి ఫోన్లో నీ పాట

వదినా,

చెప్పేది నేను, రాసేది నా మనవరాలు. ఒక్క మాట కూడా మెత్తగా మార్చవద్దని దానికి ముందే చెప్పాను.

నీ ఏడాది మాసికం నాడు కేసముద్రంలో అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. నీ కొడుకు రవి జేబులోంచి నీ గొంతు వచ్చింది. నాట్లు వేస్తూ నువ్వు ఎత్తుకున్న పాటను వాడు ఫోన్లో పట్టుకున్నాడు చూడు, అది. అన్నం కలిపేది ఆపి, పాట అందుకోవడానికి నోరు తెరిచాను. ఫోన్లో మా గొంతులు రాలేదు. నువ్వు ఎత్తిన ముక్కే మళ్ళీ మొదలైంది. వాడు వేలితో నొక్కి "హలో, చెప్పన్నా" అన్నాడు.

"మేం అందుకున్నది ఏదిరా అల్లుడా?"

"రింగ్‌టోన్ గంతే ఉంటదత్తా. అమ్మ గొంతు ఉంచి, ఎనుక కోరస్ కట్ చేసిన."

కోరస్ అట. నువ్వు ఎత్తితే పదిమందిమి అందుకునేవాళ్లం, అప్పుడే అందరి కాళ్లూ ఒక్కసారి వెనక్కి పడేవి. అందుకునేవాళ్లు లేకుండా నువ్వు ఏనాడైనా నాటు వేశావా?

ఆ రోజు నుంచి వాడికి ఫోన్ చేయలేదు. నిన్న వరంగల్‌లో మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే తగువు పెట్టుకున్నాడు.

"ఒక్క ఫోన్ చెయ్యరాదా అత్తా? ఉన్నవో లేవో ఎట్ల తెల్వాలె?"

"చేస్తే ఆడ మీ అమ్మ ఒక్కతే పాడుతది. నడుమల నువ్వు నోరు నొక్కుతవు. ఆ పాపం నాకెందుకు?"

మొత్తం పాట ఇంకా ఉందట. గుమ్మం పక్క గద్దె మీద కూర్చుని, మా గొంతులు కూడా వచ్చేటట్టు మళ్ళీ కోసుకున్నాడు. మేము అందుకున్నాకే ఫోన్ ఎత్తమన్నాను.

ఇవాళ పొద్దున చేస్తే మోగిందో లేదో ఎత్తాడు. తిట్టి, పెట్టేసి, మళ్ళీ చేశాను.