నాది కడుపునొప్పి కాదు

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,
కొంటా నివాసి, రోడ్డు రోలర్ డ్రైవర్ బొల్లె నవీన్‌కుమార్ రాసుకున్నది.

అయ్యా,

విషయం: నా పురుషాంగము మీద పెరిగిన గడ్డకు ఆపరేషన్ నిమిత్తము రాయ్‌పూర్ పంపుట గురించి.

పై మాట చదివి తమరు కాగితం బోర్లా పెట్టవద్దని ముందుగా మనవి.

1. గత అర్జీ నేను తెలుగులో చెప్పగా, తమ ఆఫీసు గేటు బయట హిందీలో అర్జీలు రాసే గవర్రాజు గారు "సాహెబ్ ముందర అట్లాంటి మాట బాగుండదు తమ్ముడూ" అని, నేను వద్దంటున్నా "పేట్ దర్ద్", అంటే కడుపునొప్పి, అని రాసినారు. తత్ఫలితముగా నన్ను కడుపునొప్పి క్యాంపుకు పంపినారు. అక్కడ కడుపు నొక్కి చూసి గ్యాస్ గోలీలు ఇచ్చినారు. గోలీలు మంచివే. గడ్డ అట్లనే ఉన్నది. కావున ఈసారి నేనే రాస్తున్నాను. తర్జుమా చేయువారు మర్యాద కోసం దాన్ని కడుపులోకి ఎక్కించరాదు.

2. పెద్దాసుపత్రి డాక్టర్ జ్ఞానప్రసూన గారు చెప్పినది: వైరస్ వల్ల మొదట పులిపిర్లు వచ్చినవి, అవే గోబీపువ్వు లెక్క పెరిగినవి. ఇంతగా పెరగడం చాలా అరుదు. పూతమందుకు పోదు. మొదలంటా కోసి, తొడ చర్మం తీసి అతకాలి. "ఇప్పుడు కోస్తే అంగం మిగులుతుంది నాయనా. ఆలస్యం చేస్తే క్యాన్సర్‌గా మారొచ్చు, అప్పుడు అంగమే తీసేయాల్సి వస్తుంది" అన్నారు. అట్లా కోసి అతికే సర్జన్ రాయ్‌పూర్‌లో ఉన్నారట. తమరి సంతకం లేనిదే ఆపరేషన్‌కు తారీకు ఇవ్వరట.

3. వార్డులో కాంపౌండరు "ఎక్కడెక్కడ తిరిగొచ్చినవ్ రా?" అని అందరూ వినేటట్టు అడిగినాడు. జగర్గుండా, భేజ్జి, ఎక్కడ డాంబర్ పోస్తే అక్కడ తిరిగినానని చెప్పినాను. ఇంకొకడు ఫోన్ తీసి ఫోటో కొట్టబోయినాడు. "ముందు నీది తియ్, పక్కపక్కన పెట్టి కొడదాం" అన్నాను. అందుకు నన్ను అసభ్యముగా ప్రవర్తించు రోగి అని రాసుకున్నారు. ఏంది సార్ ఇది? అసభ్యం ఎవరిది?

4. సీటు మీద కూర్చోలేక రోలర్ నిలబడి నడుపుతున్నాను. చీము, వాసన. తోటోళ్లు అన్నం దగ్గర దూరం జరుగుతున్నరు. జరగనీ. రోగమొచ్చినోడు దొంగ కాదు, నేను తలకాయ దించను.

కావున తమరు వెంటనే సంతకం చేయవలెను. చేయనిచో జనం అర్జీలు వినే వచ్చే జనదర్శన్‌లో కలెక్టర్ గారి ముందర ఇదే కాగితం మైకు పట్టుకొని నేనే చదువుతాను, ఒక్క అక్షరం మింగకుండా. చిత్తగించి, కలం తీయవలెను.

తమ విధేయుడు అని రాయాలట, రాసినాను,
బొల్లె నవీన్‌కుమార్

తాజా కలం: పైన రాసింది నవీన్, ఇది రాస్తున్నది నేను, బిందు. మా ఇద్దరికి పెళ్లి ఖాయమైంది. డాక్టరమ్మ చెప్తే నేను కూడా పరీక్ష చేయించుకున్న, నాకేం లేదన్నరు. ఈ సంబంధం వద్దు బిడ్డా అనేటోళ్లు మా ఇంటి నిండా ఉన్నరు. వాళ్లతోని నేను మాట్లాడుకుంట. ఎంత మిగిలినా ఇతన్నే చేసుకుంట సార్. కాకపోతే మొత్తం మిగిలేటట్టు కోయమని ఆ సర్జన్‌కు మీరు గట్టిగా చెప్పాలె.