నాన్న పేరు పెట్టిన చెట్టు

తానా నగరం

ప్రేమగల అమ్మకు, నీ పెద్దకూతురు సువాజారా దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, పిల్లలూ, మీ అల్లుడూ కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళు వర్షాలకు మళ్ళీ పట్టేశాయని రాశావు, లవంగనూనె రాయడం మానకు. నువ్వు పంపిన ఎండురొయ్యలు అందాయి. చిన్నది అన్నంలోకి అవి తప్ప వేరే ఏదీ ముట్టుకోవడం లేదు. ఈ ఉత్తరం తమ్ముడి చేతే చదివించుకో, పక్కింటివాళ్ళకు ఇవ్వకు.

చెట్టుకు పేరు పెట్టే పని ఎంతదాకా వచ్చిందని అడిగావు. ఖాయమైందమ్మా. మన కొండమీది నల్లచేవ చెట్టు లోకంలో ఇంతవరకు ఎవరూ పుస్తకాల్లో రాయని చెట్టేనని తేలింది. దేశదేశాల నల్లచేవ కొమ్మలన్నీ మా మొక్కల పరిశోధనశాలకు తెప్పించి పక్కన పెట్టి చూశాం. పువ్వు అడుగున ఉండే ఆ ఎర్రటి నూగు మరి దేనికీ లేదు. నువ్వు కోరినట్టే నాన్న పేరు పెట్టాను. బెటోంబు అన్న పేరుకు లాటిన్ తోక తగిలించి అచ్చు వేస్తారు. నాన్న వింటే పగలబడి నవ్వేవాడు.

నీ ఉత్తరంలో రెండో సంగతి చదివాక మాత్రం నాకు అన్నం సహించలేదు. కోడలు ఫెలానాను పుట్టింటికి పంపేశానని రాశావు. "అది మన గడపలో కాలు పెట్టిన ఏడాది నుంచే కొండమీద నల్లచేవ కాయ లేదు. పితరులకు అది గిట్టలేదు. ఊరంతా అదే అంటోంది," అన్నావు. ఇన్నాళ్ళూ నీ మనసు కష్టపడుతుందని ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఇక దాచలేను.

ఆ జాతిలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరమ్మా. కాయ ఆడచెట్టుకే కాస్తుంది, కానీ మగచెట్టు పుప్పొడి అందితేనే. నాన్న పోయినప్పుడు నేను వచ్చేసరికి ఏటి ఒడ్డున మనవాళ్ళు శవపేటిక కోసం మాను తొలుస్తున్నారు. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ, "చూడక్కా, కొండమీద ఇంతకన్నా మంచి మాను లేదు. నాన్నకు నాసిరకం పెడతామా?" అన్నాడు. బెరడు మీద పచ్చరంగు గీత కనిపించింది. అంతకు ముందు మగపూల కొమ్మ కోసుకున్నప్పుడు నేను పెట్టిన గుర్తు. అయినా కొండమీద అలాంటివి ఇంకా ఉంటాయనే అనుకున్నాను.

లేవు. తరవాత పూతకాలంలో వచ్చి లోయలన్నీ తిరిగాను. దొరికినవన్నీ ఆడచెట్లే. నిండా పూస్తాయి, పూసినట్టే రాలిపోతాయి. మనకు తెలిసిన ఒక్క మగచెట్టులో నాన్న పడుకుని ఉన్నాడు. పితరులకు కోపం లేదు, ఆ పిల్ల పాపమూ లేదు. నాన్న పోయిన ఏడాదే మన గడపలో కాలు పెట్టింది, అంతే. తప్పు నీదీ కాదు, తమ్ముడిదీ కాదు. ప్రేమకొద్దీ చేశారు. కానీ నేను ఊరుకున్నందుకు ఆ నింద ఇంకొకరి మీద పడింది.

పేరు పెట్టిన ప్రతి చెట్టుకూ సాక్ష్యంగా ఒక కొమ్మను ఎప్పటికీ భద్రపరుస్తారు. ఆ రోజు నేను కోసిన కొమ్మే ఇప్పుడు మా అరలో ఉంది. దాని చెట్టు ఏమైందని మా పరిశోధనశాల పెద్దాయన అడిగితే, "కొట్టేశారు," అని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

పోయిన ఆదివారం నీకు చెప్పకుండా నేనూ తమ్ముడూ ఫెలానా వాళ్ళ ఊరు వెళ్ళాం. దారిలో సంగతంతా చెబితే వాడు పడవ అంచు పట్టుకుని నా వైపు తిరిగాడు. "ఆ రోజే ఒక్క మాట అనొచ్చుగా అక్కా!" అన్నాడు.

"అంటే ఏం చేసేవాడివిరా? మొదలు మీద తిరిగి నిలబెట్టేవాడివా?"

"చెట్టు గురించి కాదు. నా పెళ్ళాం వెళ్ళేటప్పుడు వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళింది. అడ్డుపడడానికి నా దగ్గర మాట లేకపోయింది."

ఫెలానా వాకిట్లో వడ్లు దంచుతోంది. రోకలి ఆపలేదు. మగచెట్టూ, ఆడచెట్టూ అంటూ నేను చెప్పిందంతా వింది. తమ్ముడు, "పద, ఇంటికి పోదాం," అన్నాడు. అప్పుడు ఆగింది.

"చెట్టుకు పేరు పెట్టడానికి ఇన్నేళ్ళు చూశారు కదా వదినా, కొమ్మలు పక్కన పెట్టి, నూగు కూడా చూసి," అంది. "నాకు శనిగొట్టు అని పేరు పెట్టడానికి మీవాళ్ళకు ఒక్క పూట పట్టలేదు. అది తీసేయడం మీవల్ల కాదు. పెట్టినావిడే రావాలి."

తమ్ముడు అక్కడే ఉండిపోయాడు, వడ్లు చెరుగుతున్నాడు. ఈ ఉత్తరం నీకు చదవడానికి మాత్రం ఒక పూట వస్తాడు. చెట్టు సంగతి నా చేతుల్లో లేదు, మగచెట్టు కోసం అవతలి కొండలు వెతుకుతూనే ఉంటాను, దొరుకుతుందన్న ఆశ పెద్దగా లేదు. ఈ రెండోది మాత్రం నీ చేతుల్లో ఉంది. నీ మోకాళ్ళ సంగతి తెలిసే అడుగుతున్నాను. శనివారం ఫెలానా వాళ్ళ ఊరికి పడవ ఉంది.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకుని ఉన్న పెద్దకూతురు,
సువాజారా