నూరు గ్రాముల లెక్క

జూన్ 4, మంగళవారం

ఒకటే కాదు, మెర్వ్. నిన్న భోజనం దగ్గర నువ్వన్నది తప్పు. బేకనైనా కోడైనా గొంతు దిగాక ఒకటే అని ఫోర్కు గాల్లో తిప్పుతూ తీర్పు చెప్పావు. నేను మాట్లాడకపోవడం ఒప్పుకోలు కాదు, నోట్లో బంగాళాదుంప ఉంది.

నూరు గ్రాములకి చూద్దాం. వేయించిన బేకన్, అంటే ఉప్పులో ఊరిన పందిమాంసం: ప్రొటీన్ ముప్ఫై గ్రాముల దాకా, సోడియం పదహారు వందల మిల్లీగ్రాములు. తోలు తీసి కాల్చిన కోడి రొమ్ము: ప్రొటీన్ ముప్ఫై, సోడియం డెబ్భై. ప్రొటీన్‌లో రెండూ సమానమే. ఉప్పులో ఒకటి సముద్రం, ఒకటి చెరువు. మన ఊరి బేకన్ అంతా కండేగా, కొవ్వెక్కడుంది అంటావు. నిజమే. కానీ నర్సు అడిగింది కొవ్వు గురించి కాదు.

గుండె నర్సు మెరీనా ఇంటికొచ్చి మరీ చెప్పింది. నీ గుండె నీరసపడింది, ఉప్పు తింటే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి, రోజుకి సోడియం రెండు వేలు దాటకూడదు. పొద్దున్నే బరువు చూడాలి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, ఇంత వివరంగా నాకు చెప్పక్కర్లేదు. అయినా విన్నాను.

బేకన్ బంద్.

జూన్ 5, ఉదయం 6.40

మా ఆయన బరువు 84.2 కిలోలు. ఫ్రిజ్ తలుపు మీద గ్రాఫు కాగితం అతికించాను. మెర్వ్ దాన్ని చూసి, గోధుమ ధర కూడా పక్కనే గీయి, రెండూ చూసి ఒకేసారి ఏడుస్తా అన్నాడు.

జూన్ 7, శుక్రవారం

నా మణికట్లు ఈ జూన్ చలికాలంలో పనిచెయ్యవు. అందుకని కోడిని నేను కాల్చడం లేదు, సూపర్‌మార్కెట్లో వెండిరంగు సంచీలో వేడివేడిగా అమ్మే కాల్చిన కోడి రోజుకొకటి తెస్తున్నాను. తోలు తీసేస్తాను. పూటకి పావుకిలో, రెండు పూటలా. పైన కాస్త గ్రేవీ, లేకపోతే గొంతు దిగదుట. ఆహార పట్టికల పుస్తకం ప్రకారం అంతా కలిపి సోడియం నాలుగు వందలు కూడా కాదు. నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

ఇంకో వారం ఇలాగే పెడితే గుడ్డు పెడతానని మెర్వ్ బెదిరిస్తున్నాడు.

జూన్ 8, శనివారం

84.9.

ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆట ఉంది, ఫుటీ క్లబ్బుకి వెళ్ళొద్దని అనలేకపోయాను. అక్కడ హాట్‌ప్లేట్ అనే పెద్ద ఇనప పెనం ముందు నిలబడి, బన్నులో పెట్టే బేకన్-గుడ్డు రోల్స్ వేయించడం ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన పని. గోల్ కొట్టినవాడి పేరు మర్చిపోయినా మెర్వ్ రోల్ మర్చిపోరు ఈ ఊళ్ళో. వేయించినవాడికి చివర్లో రెండు ముక్కలు హక్కు. ఆ హక్కు వదులుకుంటానని నా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. చెయ్యెత్తే మగవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు.

జూన్ 11

85.6. ఆయన మేజోళ్ళు విప్పితే కాళ్ళ మీద గాట్లు పడి ఉన్నాయి. వేలితో నొక్కాను. గుంట అలాగే ఉండిపోయింది.

జూన్ 12

దాచిన బేకన్ కోసం గ్యారేజీలో వెతికాను. పనిముట్ల పెట్టె, ట్రాక్టర్ సీటు కింద, చేపల గాలాల డబ్బా. ఏమీ లేదు. శనివారం చొక్కా వాసన చూశాను. బేకన్. రోజంతా బేకన్ వేయించినవాడి చొక్కా మల్లెపూల వాసన వస్తుందా, గ్లెనిస్, అని నన్ను నేనే అడిగాను.

అయినా చొక్కాని రెండోసారి కూడా వాసన చూశాను.

జూన్ 14

86.1. ఏం తింటున్నావని అడిగాను. నువ్వు పెట్టిందే అన్నాడు. ఇంకా? నీ తిట్లు, అన్నాడు.

జూన్ 15, శనివారం, సాయంత్రం 5

వెళ్ళాను. మెర్వ్‌కి చెప్పకుండా క్లబ్బుకి వెళ్ళాను. ఆటలో మూడో క్వార్టర్ అయిపోయింది, క్యూ బారుగా ఉంది. మెర్వ్ హాట్‌ప్లేట్ వెనక నిలబడి కాగితంలో చుట్టిన రోల్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ క్షణంలో.

లాక్కున్నాను. చెత్తబుట్టలో పడేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా దొంగతిండి మానలేవా, నన్ను విధవని చెయ్యాలని అంత తొందరగా ఉందా అన్నాను. క్లాసు చివరి బెంచీకి వినపడే గొంతు నాది, దానికి రిటైర్మెంటు లేదు. క్యూలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. క్యాంటీన్ చూసే డల్సీ ఏదో చెప్పబోయింది, గ్లెన్, ఆగమ్మా, అది... అంటూ. నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు అన్నాను.

మెర్వ్ పటకారు కింద పెట్టాడు. ఏప్రన్ విప్పి మడిచాడు. నా కారు ఎక్కలేదు. కిలోమీటరున్నర నడిచి ఇంటికొచ్చాడు, ఆ గుండెతో. నేను వెనకాలే మెల్లగా కారు నడిపాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

జూన్ 16, ఆదివారం

87.0. పడుకుంటే మెర్వ్‌కి ఊపిరి ఆడటం లేదు. కుర్చీలో కూర్చునే ఉన్నాడు. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరగలేదు, పదకొండు రోజుల్లో రెండూ ముప్పాతిక పెరిగింది. రూలు నా వైపే ఉంది. నీళ్ళు ఊపిరితిత్తుల వైపున్నాయి.

అంబులెన్స్‌లో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

జూన్ 17, సోమవారం

పొద్దున డల్సీ ఫోన్ చేసింది. నా వంతు వచ్చిందా అని అడిగి మరీ మాట్లాడింది. రెండు శనివారాలుగా మెర్వ్ ఒక్క బేకన్ ముక్క నోట్లో పెట్టలేదట. కుర్రాళ్ళు ఏడిపించినా పెట్టలేదట, మా ఇంట్లో నాకంటే పెద్ద కోచ్ ఉందిరా అన్నాడట. నేను లాక్కున్న రోల్‌లో ఉన్నది వట్టి గుడ్డు. ఉప్పు కూడా వెయ్యలేదు తల్లీ, నా చేత్తో నేనే చేసిచ్చా అంది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో మెరీనా అడిగింది, మరి ఉప్పు ఎటునుంచి వచ్చినట్టు, తెచ్చే తిండి ప్యాకెట్లు చూశారా అని. కోడికి ప్యాకెట్ ఏమిటి, కోడి కోడే కదా అన్నాను. ఆమె చార్టు చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ మర్యాద నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చి చెత్తడబ్బాలోంచి వెండి సంచీ తీశాను. భూతద్దం పెట్టుకుని చదివాను. కోడి, నీళ్ళు, ఉప్పు, ఇంకా ఏవేవో. కాల్చేముందు ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. నూరు గ్రాములకి సోడియం నాలుగు వందల ఇరవై. నేను లెక్క వేసింది పుస్తకంలోని కోడికి. పళ్ళెంలో పెట్టింది అంగడి కోడిని.

పూటకి పావుకిలో అంటే వెయ్యిన్నీ యాభై. రెండు పూటలు. గ్రేవీ పొడి సంగతి వేరే, ఆ డబ్బా మీది అంకె చూసి డబ్బానే చెత్తలో పడేశాను.

బేకన్ ముక్క ఒకటి పాతిక గ్రాములు. సోడియం నాలుగు వందలు. ఆయన తినేది వారానికి రెండు. నూరు గ్రాముల బేకన్ ఎవడు తింటాడు? వారానికి ఎనిమిది వందలు మాన్పించి, రోజుకి రెండు వేల పైన తినిపించాను. వెండి సంచీలో, వేడివేడిగా, ప్రేమగా.

జూన్ 18

ఆసుపత్రిలో మెర్వ్‌కి చెప్పాను. ముందు లెక్క చెప్పాను, అలవాటు. తర్వాత రోల్ సంగతి. సంచీ చూపిస్తే తీసుకుని చాలాసేపు చదివాడు. కళ్ళజోడు ఇంట్లోనే ఉంది ఆయనది.

అయితే టీచరమ్మా, నూటికి ఎంత నీకు, అన్నాడు. సున్నా అన్నాను. నలభై వేసుకో, చేతిరాత బావుంది అన్నాడు. ఇద్దరమూ నవ్వలేదు.

తర్వాత కిటికీ వైపు తిరిగి, ఇక్కడ చెప్పడం తేలిక గ్లెన్, ఇక్కడ వినేది నేనొక్కణ్ణే అన్నాడు. డల్సీకి చెప్పెయ్యి, వేరేవాణ్ణి చూసుకోమను. దొంగతిండి తిన్న మొహంతో ఆ క్యూ ముందు నిలబడలేను, అన్నాడు.

జూన్ 20, గురువారం

ఇంటికొచ్చాడు. 83.8. పచ్చి కోడి కొని, ఉప్పు లేకుండా, నిమ్మకాయా మిరియాలూ వేసి నేనే కాల్చాను. మణికట్లు గోల పెట్టాయి. పెట్టనీ.

తిన్నాడు. బావుందనలేదు. క్లబ్బు నుంచి ఫోన్ మోగితే లేవలేదు.

జూన్ 21, శుక్రవారం

రేపటికి డల్సీకి నాలుగు డజన్ల గుడ్లు కావాలిట. గ్లెనిస్, మెర్వ్‌ని కారులో తీసుకెళ్ళు, దిగమనకు. తొమ్మిదికి వెళ్ళకు, అప్పుడు ఎవరూ ఉండరని నీకు తెలుసు. మూడో క్వార్టర్ అయ్యాక, క్యూ బారుగా ఉన్నప్పుడు వెళ్ళు. ముందు తప్పు నాదన్న మాట, తర్వాత గుడ్లు. చివరి బెంచీ గొంతుతోనే చెప్పు. కారు హాట్‌ప్లేట్‌కి దగ్గరగా ఆపు, ఆయన వైపు కిటికీ పూర్తిగా దించు.