డెల్బర్ట్ మార్చిన స్విచ్చులు

యూమా ఎడారి
ఫిబ్రవరి 9, 1998

వెర్నా అక్కకి, ఇద్దరం తిని తిరుగుతూనే ఉన్నాం, కంగారు పడకు.

నీ మరిది మళ్ళీ బండి లోపలంతా పీకి పెట్టాడు. పాతికేళ్ళ మోటారు ఇల్లు, చక్రాల మీది కొంప, రోజూ ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. కానీ డెల్బర్ట్ ఈసారి బాగున్నవాటినే మార్చాడు. పొయ్యి మీటకు తాడు చుట్టాడు. నీళ్ళ పంపు స్విచ్చుకి సీసా మూత అంటించాడు. మంచం నుంచి స్నానాల గది దాకా గోడ వెంట కర్ర బిగించాడు.

"ఏమయ్యా, ఇది ఇల్లా, బొమ్మల కొట్టా?" అని కసిరాను.

"పనిచేస్తున్నాయిగా, నీకెందుకే!" అన్నాడు.

నిన్న పట్టపగలు ఆ తాడు చుట్టిన మీట కోసం వేళ్ళతో తడుముకుంటున్నాడు.

"నేను ఏ రంగు చొక్కా వేసుకున్నానో చెప్పు" అన్నాను.

నా గొంతు వైపు తిరిగి, "నీకు నీలం బాగుంటుంది" అన్నాడు.

నేను వేసుకున్నది పసుపు. చూపు పోతోందక్కా. అలసిపోయాను, పోట్లాడే ఓపిక కూడా లేదు.

నా పాత డ్రైవింగ్ లైసెన్సు నీ కుట్టుమిషను సొరుగులో ఉంటుంది, వెతికి పంపు. ఇంటి కప్పు మీద మంచు దులిపించావా? నీ మోకాలు ఎలా ఉంది? బావను అడిగానని చెప్పు, కళ్ళ సంగతి మాత్రం చెప్పకు. డెల్బర్ట్ నాకే ఇంకా చెప్పలేదు.

ఈ ఏనుగంత బండిని నేనెన్నడూ నడపలేదు. పొద్దున ఊరికే డ్రైవరు సీట్లో కూర్చుని చూశాను. దాన్నీ ముందుకు జరిపి, కింద దిమ్మ వేసి బోల్టులు బిగించేశాడు. ఆయన పొడుగు కాళ్ళు ఇక అందులో పట్టవు. నా పాదం సరిగ్గా బ్రేకు మీద ఆనింది.

నీ చెల్లెలు,
ఆర్డిత్