కెంచప్ప వేషం

జులై 18, శుక్రవారం

'హొన్నాంబె' సినిమా వచ్చేసింది. మా ఊరి కథ మీద రాసిన నవల, మా కోటలోనే షూటింగ్, పైగా అందులో మా ఆయన వేషం. టైలర్ తిప్పేస్వామి తెర మీద కనబడగానే టాకీసంతా విజిల్స్. నేనూ వేశాను, హైస్కూల్లో కన్నడ చెప్పే టీచర్ని, సిగ్గు లేకుండా.

తర్వాత ఆ సీన్ వచ్చింది. మా ఆయన వేసిన కోట కావలి కెంచప్ప బంగారం మూట అందుకుని, నవ్వి, చిన్న వాకిలి తీస్తాడు. శత్రువులు లోపలికి వచ్చేస్తారు. విజిల్స్ ఆగిపోయాయి.

నవలలో ఇలా లేదు. అందులో కెంచప్ప మూట విసిరికొడతాడు. నిండు చూలాలైన కథానాయిక హొన్నాంబెని ఆమె ప్రియుడి దగ్గరికి పంపడానికే వాకిలి తీస్తాడు. ఆమె వెళ్లిన దారినే శత్రువు వస్తాడు. ఆ అధ్యాయం నేను ఏటా క్లాసులో చెబుతాను.

ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ని నిలదీశాను. కెంచప్ప అలాంటివాడు కాదు సార్ అని డైరెక్టర్‌తో అన్నానే, అన్నాడు. డైరెక్టరేమో, నవలలో దీనికి నలభై పేజీలుంటాయి, నాకు రెండు నిమిషాలే, మూట పట్టుకుని నవ్వవయ్యా అన్నాడట. నవ్వాడు. బాగా నవ్వాడు, అదే నా బాధ.

జులై 21

వీధిలో ఒకటే జోకులు. ఎంత ముట్టిందన్నా, మూట ఎక్కడ దాచావు అని. పక్కింటి కొట్రమ్మ, మీ ఆయన నవ్వుతుంటే నాకు ఒళ్లు జలదరించిందక్కా, రాత్రి నిద్ర పడితే ఒట్టు అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

జులై 27, ఆదివారం

మళ్లీ వెళ్లి చూశాను. న్యాయంగా చెప్పాలంటే నవల హొన్నాంబె కన్నా సినిమా హొన్నాంబే నయం. నవలలో ఏడ్చి ఏడ్చి మన ప్రాణం తీస్తుంది. ఇందులో గుర్రం ఎక్కి మగాళ్లని చెడామడా తిడుతుంది. పాటలూ బాగున్నాయి.

కానీ కెంచప్ప నవ్వగానే తెర మీదకి చెప్పులు లేచాయి. నా వెనక ఒక ముసలాయన, వీడి వల్లే కదరా మన ఊరు ఇలా తగలడింది అన్నాడు. వాన పడకపోవడం, వేరుశనగ పోవడం, అన్నీ వీడి వల్లేనట. సినిమాలో కెంచప్ప మూటతో పారిపోతాడు, శిక్ష లేదు. అదే జనానికి మింగుడు పడటం లేదు.

ఆగస్టు 3

షాపు బోర్డుకి పేడ కొట్టారు. కుట్టమని ఇచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. హోటల్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదట. బజ్జీ అక్కడే వదిలేసి వచ్చాడు. కొట్రమ్మ గోడ మీంచి పలకరించడం మానేసింది.

ఆగస్టు 6

శ్రావణం మొదలు. నెలంతా సాయంత్రాలు మఠంలో పురాణం చదువుతారు, ఊరంతా వస్తుంది. చదివే రుద్రయ్య దగ్గరికి వెళ్లి, ఈసారి నవలలో కెంచప్ప అధ్యాయం చదవండి, జనానికి అసలు సంగతి తెలుస్తుంది అన్నాను.

పీఠం ఎక్కిన పుస్తకాన్ని మధ్యలో దించకూడదు టీచరమ్మా, మంగళం పాడేదాకా చదవాల్సిందే, తర్వాత నన్ను అనకండి అన్నాడు. ఇంకా మంచిది కదా అన్నాను.

ఆగస్టు 18, సోమవారం

కెంచప్ప మూట విసిరికొట్టాడు. మఠమంతా ఏడ్చింది. గెలిచాం!

ఆగస్టు 20

రెండు జాకెట్లు వచ్చాయి కుట్టడానికి. ఆయన ఈల వేస్తూ మిషన్ తొక్కుతున్నాడు.

ఆగస్టు 25, సోమవారం

ఈ రోజు చివరి అధ్యాయం చదివారు. శత్రువు పోయాక ఊరు కెంచప్పని పట్టుకుంటుంది. చంపడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకని ఆ చిన్న వాకిట్లోనే నిలబెట్టి, ఇంటికొక రాయి తెచ్చి పేర్చి మూసేస్తారు. ఎవరూ చంపలేదు, తలా ఒక రాయి పెట్టారు, అంతే. ఊరు సిగ్గుపడాలని రాసిన పేజీ అది. చదివిన ప్రతిసారీ నాకు అలాగే వినబడింది. అందరికీ అలాగే వినబడుతుందనుకున్నాను.

ఎవరూ ఏడవలేదు. పురాణం విన్నట్టు చేతులు జోడించి విన్నారు. మా ముత్తాత రాయీ అందులో ఉండే ఉంటుంది అని ఒకడు, మొదటిది మా ఇంటిదే అని ఇంకొకడు. పాపం మంచివాడే, అయినా తప్పు తప్పే కదా అంది కొట్రమ్మ. రైస్ మిల్లు సిద్దవీరప్ప లేచి, ఈ కథకి మంగళం ఇక్కడ కాదు, వచ్చే సోమవారం కోట వాకిట్లో, సినిమావాళ్లు వదిలేసింది మనం ఆడదాం అన్నాడు. ఒకటే చప్పట్లు.

ఆగస్టు 28

సిద్దవీరప్ప తన మనుషులతో తాంబూలం, శాలువా పట్టుకుని ఇంటికి వచ్చాడు. కెంచప్ప వేషం నువ్వు తప్ప ఇంకెవడు కట్టగలడు తిప్పేశీ అన్నాడు. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లు వెళ్లాక వద్దన్నాను. అరిచాను, కంచం విసిరేశాను.

పిచ్చిదానా, నెల్లాళ్లుగా నాతో కలిసి టీ తాగినవాడు లేడు, ఒక్కసారి శిక్ష పడ్డట్టు ఆడితే వాళ్ల కడుపుమంట చల్లారుతుంది, మళ్లీ నేను టైలర్ తిప్పేశిని అయిపోతాను అన్నాడు. విసిరేసిన కంచం తీసి కడిగి పెట్టాను.

ఆగస్టు 31

ప్రతి గడప ముందూ ఒక రాయి. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి. నాటకానికి అట్టముక్కలు చాలవా?

కోటకి వెళ్లి చూశాను. వాకిలికి అవతలి దారి ఎప్పుడో పూడిపోయింది, అంతా కొండరాయి. ఒక మనిషి నిలబడేంత చోటు, అంతే. సిద్దవీరప్పని అడిగితే, ఛాతీ దాకా పేర్చి ఆపేస్తాం తల్లీ, మేమేమన్నా రాక్షసులమా అన్నాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. కానిస్టేబుల్ కుర్చీ వేశాడు. భయపడకండి మేడం, బందోబస్తు మాదే, మా తరఫున కూడా ఒక రాయి తీసి పెట్టాం అన్నాడు.

ఇంటికొచ్చి, ఇప్పుడే బస్సెక్కి పోదాం పద అన్నాను. ఆయన అద్దం ముందు మీసం అతికించి చూసుకుంటున్నాడు. ఈసారి నవ్వను చూడు శరణీ, నువ్వు క్లాసులో చెప్పే కెంచప్పనే చేస్తాను అన్నాడు.

సెప్టెంబర్ 1, సోమవారం, సాయంత్రం నాలుగు

డోళ్లు వాయిస్తూ తీసుకెళ్లారు. నేనూ చెప్పులు వేసుకున్నాను. గుమ్మం నిండా వీధి ఆడవాళ్లు. నవలలో కెంచప్ప పెళ్లాన్ని ఆడవాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి కాపలా కాస్తారు కదా, నీకూ వేషం ఉందక్కా అని కొట్రమ్మ నవ్వింది. మరమరాలు తెచ్చారు. తమాషాకేలే అనుకుని కూర్చున్నాను.

కాసేపటికి లేచాను. భుజం మీద చేతులు పడ్డాయి. మళ్లీ లేచాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రాసుకుంటానంటే మాత్రం రాసుకోనిచ్చారు. చాలా భయంగా ఉంది. కోట వైపు నుంచి డోలు ఇంకా వినిపిస్తోంది.

సెప్టెంబర్ 2

నన్ను వదిలేసరికి డోలు ఆగి చాలాసేపైంది. కోట దగ్గర అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. వాకిలి పైదాకా మూసి ఉంది. పిలిచాను. గోళ్లు ఊడేదాకా లాగాను, పిలుస్తూనే ఉన్నాను. ఆయన పలకలేదు.

కొట్రమ్మ నా వెనకే వచ్చి నిలబడింది. మాది చిన్న రాయే అక్కా అంది.