వలగీతల నాచు

ఫాల్మత్, 1809

మార్చి 6
నైరుతి గాలి. కొట్లో దీపం నూనె, తాళ్లు బాగానే అమ్ముడుపోయాయి. నాచుల మీద పరిశోధన చేసే డాక్టర్ ఫెన్‌బీ గారి ఉత్తరం నార్విచ్ నుంచి వచ్చింది. నేను పంపిన ఎర్ర సముద్రపు నాచును మైక్రోస్కోపు కింద చూశారట. ఆకు నిండా వల అల్లినట్టు గీతలున్నాయట. ఇంగ్లండు తీరంలో ఇలాంటిది ఎవరూ చూడలేదట. కొత్త జాతి. దానికి లాటిన్‌లో నా ఇంటిపేరే పెడతారట. ఫ్యూకస్ ట్రెగారీ.

ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. టీ చల్లారిపోయింది.

మార్చి 7
అక్క టామ్‌సిన్‌కు చెప్పకుండా ఉండాల్సింది. పొద్దున చేపల రేవులో, సాయంత్రం చర్చి దగ్గర చాటేసింది. మావాడు లాటిన్‌లోకి ఎక్కుతున్నాడమ్మా, అందట. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, పోనీ నాచుకైనా వీడి పేరు మిగులుతుంది, అని కూడా అందట. అదీ నిజమే.

మార్చి 15
మళ్లీ నార్విచ్ ఉత్తరం. ప్లిమత్‌లో ఉండే రెవరెండ్ లస్కమ్ గారు గొడవ పెట్టారట. వలగీతల నాచు ఎప్పటినుంచో తన సొరుగులో ఉందట, తాళ్లు అమ్ముకునేవాడి పేరు ఎలా పెడతారట. ఇంకో నమూనా వెంటనే పంపమన్నారు డాక్టరుగారు.

నాకు కోపం రాదు. ఇవాళ వచ్చింది.

మార్చి 16
ఆటు వేళకు రాళ్ల మీదికి వెళ్లాను. నడుం దాకా తడిశాను. ఎర్ర నాచు దొరికింది. మంచినీళ్ల పళ్లెంలో తేల్చి, కిందనుంచి కాగితంతో ఎత్తి, పైన ఎప్పుడూ వాడే గుడ్డ కప్పి బరువు పెట్టాను. ఖాళీ ఉంది కదా అని పక్కన ఒక ఆకుపచ్చ నాచు కూడా పెట్టాను.

మార్చి 20
ఎర్రదానికి గీతలొచ్చాయి. ఆకుపచ్చదానికీ వచ్చాయి.

అక్క వచ్చి గుడ్డ ఎత్తి చూసింది. ఒరేయ్ ఎలియస్, క్రిస్మస్ నుంచి నా లేస్ కర్టెన్ కోసం ఇల్లంతా వెతుకుతున్నానురా, అంది. పాత గుడ్డ అనుకున్నానన్నాను. నీ కళ్లకు నాచు తప్ప ఇంకేం కనబడి చచ్చింది, అంది. తర్వాత నాచును వెలుతురుకు పట్టి చూసి, అబ్బ, అంచులో పువ్వు కూడా దిగిందిరా, అని మురిసిపోయింది.

మార్చి 21
నోరు మూసుకుని ఊరుకో, అంటుంది అక్క. ఆ డాక్టరు మనింటికొచ్చి కిటికీలు లెక్కపెడతాడా, అంటుంది.

కొట్టు తెరవలేదు.

మార్చి 22
ఉన్నది ఉన్నట్టు డాక్టరుగారికి రాశాను. సాక్ష్యంగా కర్టెన్ ముక్క కత్తిరించి పార్సిల్లో పెట్టాను. అక్క మాట్లాడటం లేదు. నిజం రాసినందుకు కాదు, కత్తిరించినందుకు.

ఏప్రిల్ 11
జవాబు వచ్చింది. నా నాచు గీతలు కర్టెన్ కన్నాలతో సరిగ్గా సరిపోయాయట. నా పేరు కొట్టేశారు. రెవరెండ్ గారి నాచు మాత్రం మా కర్టెన్‌తో కలవలేదట, దాని గీతలు డైమండు ఆకారంలో ఉన్నాయట. కాబట్టి అదే అసలు కొత్త జాతి అట. ఫ్యూకస్ లస్కమీ.

పాపం, వాళ్లావిడ కర్టెన్లు ఒకసారి చూసుకోమని ఆయనకు రాయరాదురా, అంది అక్క.

వద్దన్నాను. ఇంకో రెండు చేపలు వడ్డించమన్నాను.