ఆకు మేసే చప్పుడు

2 జులై 1998, గురువారం. కుప్పం

కౌన్సెలింగ్‌కు ఆరుగురు వచ్చారు. మనసు బాగాలేదని ఎవరూ అనరు. తలనొప్పి, కడుపుమంట, ఒళ్లు తిమ్మిరి అంటారు.

ఆఖరున అక్కమ్మ. నలభై రెండేళ్లు. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. ఏడు నెలల కిందట అత్త సుభద్రమ్మ చనిపోయింది. మూడేళ్లు మంచంలో ఉన్న ఆవిడకు అన్నీ ఈమే చేసింది. అప్పట్నుంచి నెలలో ఓ వారం తప్ప నిద్ర లేదట. ఏ వారమో నేనడగలేదు. అలసట అనుకున్నాను. రెస్ట్ తీసుకో, ఒక బ్యాచ్ పురుగులు పెట్టొద్దు అన్నాను. మొగుడు గంగప్ప ఒప్పుకోలేదు. పురుగు లేకుంటే ఇల్లు మూగబోతాదమ్మా అన్నాడు. ఎలాగో ఒప్పించి పంపాను.

7 జులై, మంగళవారం. పుంగనూరు

ఎవరూ రాలేదు. బల్ల మీద తలపెట్టి గంటసేపు నిద్రపోయాను.

23 జులై. కుప్పం

గంగప్ప ఒక్కడే వచ్చాడు. మూడు వారాలుగా ఆమె కన్ను మూయలేదట. సోమవారం పొద్దున బావిలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే పక్క పొలం వాళ్లు లాగారట. యాల కూసున్నావే అంటే, ఆడ చప్పుడుంటాదేమోనని అందట.

ఫైల్లో రాశాను: రెస్ట్ నా తప్పు.

ఒంటరిగా వదలొద్దన్నాను. చిత్తూరు డాక్టరుకు లెటర్ ఇచ్చాను. గంగప్ప అంతా విని, పురుగు తెస్తానమ్మా అన్నాడు. తెమ్మన్నాను.

13 ఆగస్టు, మధ్యాహ్నం

వాళ్ల ఊరికే వెళ్లాను. షెడ్డు గుమ్మంలో అక్కమ్మ ఆపింది. పూలు తీసెయ్ అమ్మా, పౌడరు కడుక్కో, వాసనకు పురుగు మేత మానేస్తాది అంది. పెండ్లిసూపులకొచ్చినట్టు వచ్చినావే అని నవ్వింది కూడా.

లోపల నాలుగో జ్వరం దాటిన పురుగులు. జ్వరమంటే అవి మేత మాని పొర విడిచే రోజు. ఇప్పుడు ఆకలి. తట్టల నిండా మల్బరీ ఆకు మేస్తున్నాయి. ఆ చప్పుడుకు వాన అనుకున్నాను. బయట ఎండ. అక్కమ్మ తట్టల కింద చాప పరిచి, మాట మధ్యలోనే నిద్రపోయింది. గోడకు ఆనుకున్నాను. లేచేసరికి ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు తెలియలేదు.

అప్పుడు చెప్పింది. అత్త పోయిన రోజూ ఇదే చప్పుడట. మూడేండ్లు ఒక్క పిలుపుకు పరిగెత్తినా, ఆ పూట ఇనపళ్లే అంది. ఆకేసి వెళ్లేసరికి అత్త చల్లబడి ఉంది, చెయ్యి షెడ్డు వైపు చాపి. ఈ చప్పుడు ఆగితే ఆ పిలుపు మొదలవుతుందట.

16 ఆగస్టు, ఆదివారం. మదనపల్లె

ఈపాటికి గూళ్లు కడుతుంటాయి. చప్పుడు ఆగిపోయి ఉంటుంది.

20 ఆగస్టు

పసుపు గూళ్లు. ఎక్కడా సడి లేదు. అక్కమ్మ నిద్రపోయి నాలుగు రోజులు.

పిలుపు వస్తే బదులు పలకమన్నాను. సచ్చినోళ్లతో మాట్లాడితే పిచ్చిదని నువ్వే రాస్తావు గదమ్మా అంది. రాయనన్నాను.

ఇద్దరం కూర్చున్నాం. పగలు పదకొండున్నర దాటాక తల తిప్పింది. నాకేమీ వినబడలేదు. ఆకేస్తాండా అత్తా, ఇనపళ్లే అంది. చాలాసేపటికి గొంతు పెరిగింది. ఊరంతా ఇనేట్టు పిలిసేదానివి గదా, ఆ పొద్దు నీ గొంతు యాడ పోయింది, ఇంకొంచెం గట్టిగా పిలిస్తే నీ సొమ్మేం పోయేది అని తిట్టింది. తిడుతూ ఏడ్చింది. గంగప్ప గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఆ తర్వాత నేను గడియారం చూళ్లేదు.

27 ఆగస్టు

షెడ్డు ఖాళీ. అక్కమ్మ నిన్న రాత్రి పది గంటల నుంచి నిద్రలో ఉంది. గంగప్ప ఇంట్లో లేడు. రెండు పొలాల అవతల గట్టు మీద ఎండలో నిలబడి ఉన్నాడు. సంకలో కోడిపుంజు. అరవకుండా దాని ముక్కు పట్టుకుని.